చింతగింజలు ఎటు పడ్డాయి: దర్శి మెట్టలో కంది రకాల ఎంపికపై ఒక కేస్ స్టడీ

మొదటి ఏడాది మా సంస్థ ఊళ్లో పెట్టిన కంది రకాల ప్రయోగంలో అన్నిటికన్నా ముందు నిలిచిన రకాన్ని రెండో ఏడాది ఊళ్లో ఒక్కరూ వేయలేదు. విత్తనం మేమే పన్నెండు ఇళ్లకు పంచాం. అందరూ తీసుకున్నారు, టీ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు. జులై చివర చేలు చూద్దామని వెళ్తే ఎక్కడా ఆ మొక్క లేదు. విత్తనం ఏమైందని అడిగితే మగవాళ్లు "వాన చాల్లేదు", "ఈసారి వేరేది వేశాం" అని దాటేశారు. చివరికి ఒక పెద్దామె ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. "వండుకున్నాం నాయనా. ఎంత మంట పెట్టినా ఉడకలా. ఉడకని పప్పును చేలో ఎందుకేస్తాం?"

ఆ విత్తనానికి మందు పట్టించకుండా, ట్రైకోడెర్మా (విత్తనశుద్ధికి వాడే మేలు చేసే శిలీంధ్రం) ప్యాకెట్ విడిగా ఇచ్చాం కాబట్టి సరిపోయింది. శిలీంధ్రనాశిని కలిపి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది. ఇలాంటి పని చేసే వాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇది: మెట్ట ఊళ్లో కంది విత్తనం ఇంట్లోకి వెళ్లిందంటే వంటింట్లోకి వెళ్లినట్టే.

ఈ ఊరు ప్రకాశం జిల్లాలో, దర్శి నుంచి దొనకొండ వైపు వెళ్లే దారిలో లోపలికి ఉంటుంది. ఊరి పేరు రాయడం లేదు. కొంత ఎర్ర చలక, కొంత నల్లరేగడి. సాగర్ కుడి కాలువ నీళ్లు ఊరికి ఒక పక్క కొన్ని చేలకు మాత్రం, అదీ వచ్చిన ఏడాది వస్తాయి. మిగతాది వాన మీదే. కంది, సజ్జ, కొంత మిరప, కొంత పొగాకు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ ఎలాగో, ఇక్కడ కంది అలాగ.

రైతులతో కలిసి రకాలను ఎంచే పద్ధతి ఈ జిల్లాకు కొత్త కాదు. 2007లో మొదలైన ట్రాపికల్ లెగ్యూమ్స్ (పప్పుజాతి పంటల) రెండో ప్రాజెక్టు కింద, హైదరాబాద్ దగ్గరున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో శనగ రకాలను రైతుల చేలల్లోనే పెట్టి ఎంపిక చేయించింది. మా పనికి ధైర్యం అక్కడినుంచే వచ్చింది. కందిలోనూ అలాగే చేద్దామని 2021 ఖరీఫ్‌లో ఒక పరిశోధన స్థానం సహకారంతో ఎనిమిది రకాలు తెచ్చాం. అప్పటికే ఊళ్లో ఉన్న ఎల్‌ఆర్‌జి 41ను పోల్చడానికి పక్కన పెట్టాం. రకాల పేర్లు చెబితే పేరున్న దానివైపే మొగ్గుతారని ఒక్కో మడికి ఒక్కో రంగు రిబ్బను కట్టాం. ఈ వ్యాసంలోనూ రంగులతోనే చెబుతాను. ఒక ఊరి నేలలో, రెండు మూడేళ్ల వానలో తేలిన అభిప్రాయాన్ని చదివి ఇంకో ఊరి రైతు విత్తనం కొనకూడదు.

మొదటి ఏడాది చేసిన తప్పులు

ప్రయోగం రోడ్డు పక్కన పెద్ద రైతు చేలో పెట్టాం. జీపు వెళ్తుంది, బోర్డు కనిపిస్తుంది, ఆయన బాగా చూసుకుంటాడు అని అనుకున్నాం. ఆయన బాగానే చూసుకున్నాడు. అదే చిక్కయింది. ఆయనకు బోరు ఉంది, రెండు తడులు ఇచ్చాడు, శనగపచ్చ పురుగుకు నాలుగుసార్లు మందు కొట్టించాడు. ఊళ్లో చాలామంది కందికి తడి అన్నదే ఉండదు.

డిసెంబరులో క్షేత్ర దినోత్సవం పొద్దున పదిన్నరకు పెట్టాం. ఆ వేళకు ఊళ్లో ఆడవాళ్లు మిరప కోతకు కూలికి వెళ్లిపోయి ఉంటారు. వచ్చింది మగవాళ్లు. గట్టు మీద నలుగురు ఆడవాళ్లు నిలబడ్డారు, వాళ్లు భోజనాలు తెచ్చినవాళ్లు. మా నివేదికలో "మహిళా రైతులు కూడా పాల్గొన్నారు" అని రాసింది నేనే. ఆ వాక్యం రాసేటప్పుడు నాకు తప్పుగా అనిపించలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మగవాళ్లు ఎర్ర రిబ్బను ఎంచారు. కాయ గుత్తులు గుత్తులుగా ఉంది, గింజ లావు, వ్యాపారి ఇష్టపడే రంగు. నాకూ అదే నచ్చింది. పరిశోధన స్థానంలో చేసిన ఉడుకు పరీక్షలో కూడా దానికి ఏ లోపమూ రాలేదు. మరి ఊళ్లో ఎందుకు ఉడకలేదు?

నీళ్లు

ఈ ప్రశ్నకు జవాబు కోసం మేం ఎక్కడెక్కడో వెతికాం. నిల్వలో గింజ గట్టిపడిందా, కోత తొందరగా జరిగిందా అని ఆలోచించాం. పొదుపు సంఘం లీడర్ ఒకామె మా మాటలన్నీ విని, "మీ స్టేషన్లో ఏ నీళ్లలో ఉడకబెట్టారు సార్?" అని అడిగింది.

ప్రయోగశాలలో ఇలాంటి పరీక్షకు ఏ లవణాలూ లేని డిస్టిల్డ్ నీళ్లు వాడతారు. అన్ని రకాలనూ ఒకే కొలతతో పోల్చాలి కాబట్టి అది సరైన పద్ధతే. కానీ ఈ ఊళ్లో వంటకు వాడేది బోరు నీళ్లు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు భూగర్భ జలం సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ ఒకటి, కాఠిన్యం ఇంకొకటి. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌తో కలిసి బిగుసుకుపోతాయి. బద్ద మెత్తబడదు, గంట ఉడికినా పలుకు పోదు. ఉప్పు నీళ్లలో పప్పు ఉడకదని మన అమ్మలు, అమ్మమ్మలు చెప్పే మాట ఇదే. కొన్ని రకాలు ఈ నీళ్లకు తట్టుకుని మెత్తబడతాయి, కొన్ని తట్టుకోవు. ఆ తేడా డిస్టిల్డ్ నీళ్లలో కనపడదు.

ఇది ఆడవాళ్లకు ఎలా తెలుసు అంటే, నీళ్లు మోసేది వాళ్లే. పప్పుకు ఒక బిందె, బియ్యానికి ఒక బిందె అని వేరుగా పెట్టుకునేది వాళ్లే. శుద్ధి చేసిన నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్‌లో డబ్బులిచ్చి కొని, తాగగా మిగిలింది పప్పులో పోసేది వాళ్లే. "కాస్త సోడా వేస్తే ఉడుకుద్ది గానీ, రుచి పోద్ది, పిల్లలు తినరు" అని ఒకామె అంది. ఒక రకం కందిని పొలంలో ఎంచుకుంటే దాని ఖర్చు వంటింట్లో ఎలా పడుతుందో నాకు ఆ రోజు అర్థమైంది: మంట, సమయం, క్యాన్ నీళ్లు.

పరిశోధనలో ఆడవాళ్ల జ్ఞానానికి చోటు ఎందుకివ్వాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా ర్వాండా ఉదాహరణ చెబుతుంటారు. 1980ల చివర ఆ ఆఫ్రికా దేశంలో పరిశోధకురాలు లూయిస్ స్పెర్లింగ్, ఆమె సహచరులు బీన్స్ సాగులో చేయి తిరిగిన స్త్రీలను పరిశోధన స్థానానికి పిలిచి, ఇంకా విడుదల కాని రకాల్లోంచి వాళ్లచేత ఎంపిక చేయించారు. వాళ్లు ఎంచిన రకాలు వాళ్ల చేలల్లో శాస్త్రవేత్తలు ఎంచినవాటికన్నా బాగా నిలిచాయి. నేను ఆ సంగతి చాలా శిక్షణ తరగతుల్లో చెప్పాను. చెప్పి, దర్శిలో పొద్దున పదిన్నరకు మీటింగు పెట్టాను.

మళ్లీ మొదటినుంచి

2022 ఆగస్టులో పని తిరగేసి మొదలుపెట్టాం. ఇంకా విత్తుకునే అదను ఉంది. ముందు రకాల మాట ఎత్తలేదు. కంది గింజ విత్తనం కుండలోంచి బయటికొచ్చినప్పటినుంచి పప్పు గిన్నెలోకి చేరేదాకా దాన్ని ఎవరెవరి చేతులు తాకుతాయో వరుసగా చెప్పమన్నాం. అరక, మందు కొట్టడం, అమ్మకం మగవాళ్లవి. విత్తనం ఏరి దాచడం, గొర్రు వెంట విత్తనం పోయడం, కలుపు, మందు కొట్టేటప్పుడు నీళ్లు మోయడం, కోత, కట్టలు కట్టడం, కళ్లంలో కర్రలతో కొట్టడం, తూర్పారబట్టడం, కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి పప్పు చేయడం ఆడవాళ్లవి. జాబితా నేల మీద ముగ్గుపిండితో గీశాం. మగవాళ్లు చూసి ఏమీ అనలేదు. ఒకాయన మాత్రం, "అమ్మకం ఒక్కటే మన దగ్గరుంది కాబట్టి పంటంతా మనదే అనుకుంటున్నాం" అన్నాడు.

ఎవరు రైతు అన్న ప్రశ్న కూడా ఇక్కడే వచ్చింది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు స్త్రీల పేరున ఉన్నది సుమారు 14 శాతం. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లనే పిలిస్తే మీటింగులో ఆడవాళ్లు ఉండరు. కౌలు రైతులకు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు వస్తుంది గానీ, ఊళ్లో కౌలు మాట మీద నడుస్తుంది, భూమి యజమాని సంతకానికి వెనకాడతాడు. భర్త పోయి మూడెకరాలు కౌలుకు చేస్తున్న ఒక వదిన ఏ జాబితాలోనూ లేదు. మేం పాసుపుస్తకాల జాబితా పక్కన పెట్టి, కందిలో పని చేసేవాళ్లంతా రైతులే అని రాసుకున్నాం. భూమి లేక కూలికి వెళ్లేవాళ్లను కూడా చేర్చాం. ఇందుకు మా సంస్థలోనే అభ్యంతరం వచ్చింది. కూలివాళ్లు రకాన్ని ఎంచడమేంటి, నష్టం వస్తే భరించేది వాళ్లు కాదు కదా అన్నారు. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో కింద చెబుతాను.

మీటింగు రాత్రి ఏడున్నరకు మార్చాం. రామాలయం అరుగు మీద పెడితే కాలనీ ఆడవాళ్లు వచ్చి దూరంగా నిలబడతారు, కూర్చోరు, మాట్లాడరు. అందుకని మొదటి రెండు సమావేశాలు విడిగా పెట్టాం, ఒకటి అరుగు మీద, ఒకటి కాలనీలో చర్చి దగ్గర. మూడోది బడి ఆవరణలో అందరికీ కలిపి. ఇలా విడదీయడం తప్పని కొందరు అన్నారు. విడదీయకపోతే సగం ఊరు మౌనంగా ఉంటుంది. చేలు తిరిగి చూసే రోజుకు కూలి కూడా ఇచ్చాం. "అభిప్రాయాన్ని డబ్బులిచ్చి కొంటున్నారా?" అని అడిగిన మిత్రుడికి నేనిచ్చిన జవాబు: అదే చేలోకి వచ్చే నాకు టీఏ, డీఏ ఉంది, ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. ఇద్దరం చేసేది ఒకే పని.

ప్రయోగం రూపం తల్లి-పిల్ల పద్ధతి. 1990ల్లో ఆఫ్రికాలోని మలావీలో శాస్త్రవేత్త సీగ్లిండ్ స్నాప్ రూపొందించిన పద్ధతి ఇది. ఎనిమిది రకాలూ ఒకచోట, మూడేసి సార్లు వేసేది తల్లి ప్రయోగం. ఒక్కో ఇంటివాళ్లు మూడేసి రకాలు తమ కంది పక్కనే, తమ పద్ధతిలోనే వేసుకునేవి పిల్ల ప్రయోగాలు. నల్లరేగడిలో ఎకరాకు రెండు కిలోల విత్తనం లెక్కన పది సెంట్లకు 200 గ్రాములు చాలు. పద్దెనిమిది ఇళ్లు ముందుకొచ్చాయి. తల్లి ప్రయోగం ఈసారి బోరు లేని చేలో పెట్టాం. పిల్ల ప్రయోగం ఎక్కడ వేయాలో, ఏ మూడు రకాలు తీసుకోవాలో ఇంట్లో ఆడవాళ్లనే నిర్ణయించమన్నాం. మందు కొట్టాలా వద్దా అన్నదీ వాళ్లకే వదిలేశాం. ఒక్క మాట అడిగాం: ఏం చేసినా నోటు పుస్తకంలో రాయండి, రాయడం రాకపోతే పిల్లలచేత రాయించండి.

ముంతలు, గింజలు

ఓటు మూడు దశల్లో పెట్టాం: పూత మీద, కాయ నిండాక, పప్పు అయ్యాక. ప్రతి మడి ముందు ఒక ముంత. మగవాళ్లకు గులకరాళ్లు, సొంత సేద్యం ఉన్న ఆడవాళ్లకు చింతగింజలు, కూలికి వెళ్లేవాళ్లకు సీతాఫలం గింజలు. ఒక్కొక్కరికి ఆరు. నచ్చిన రకానికి ఎన్నయినా వేయొచ్చు. ఆరూ ఒకదానికే వేసినవాళ్లూ ఉన్నారు.

మగవాళ్లు, ఆడవాళ్లు వేరువేరుగా ఓటు వేస్తారని మేం ముందే అనుకున్నాం. ఆడవాళ్లలోనే ఇంత తేడా ఉంటుందని మాత్రం అనుకోలేదు.

పసుపు రిబ్బను పొట్టి రకం, నిటారుగా పెరుగుతుంది, కాయంతా ఒకేసారి పండుతుంది. యంత్రంతో కోయొచ్చు. సొంత చేను ఉన్న ఆడవాళ్లకు అది బాగా నచ్చింది. కోత రోజుల్లో కూలీలకు వంట చేయడం, వాళ్లను వెతుక్కుంటూ తెల్లవారుజామున కాలనీకి వెళ్లడం తప్పుతుంది. వాళ్ల ఇళ్లలో గ్యాసు ఉంది, కందికంప అవసరం తగ్గింది. సీతాఫలం గింజలు మాత్రం ఆ ముంతలో దాదాపు పడలేదు. కోత యంత్రం వస్తే కూలి పోతుంది. కోతకు వెళ్లినవాళ్లు మోసుకుపోయే కందికంప కూడా పోతుంది. ఆ కంప ఏడాదంతా పొయ్యిలోకి. సిలిండరు ఇంట్లో ఉన్నా నింపించడానికి ఒకేసారి అంత డబ్బు తీయలేక పొయ్యి మీదే వండే ఇళ్లు కాలనీలో చాలా ఉన్నాయి. "మీకు రకం మారితే లాభం మారుద్ది సార్, మాకు పొయ్యి మారుద్ది" అంది ఒక పిన్ని.

ఇదే జిల్లా తూర్పున శనగలో ఈ సంగతి ఇప్పటికే జరిగింది. యంత్రంతో కోయడానికి వీలుగా ఎత్తు పెరిగే ఎన్‌బీఈజీ 47 లాంటి రకాలు నంద్యాల పరిశోధన స్థానం నుంచి వచ్చాయి. రైతుకు కూలీల టెన్షన్ తగ్గింది, అది నిజమైన మేలు. ఆ కోతల మీద బతికినవాళ్లను మాత్రం ఏ ప్రయోగంలోనైనా ఎవరైనా ఓటు అడిగినట్టు నేను వినలేదు. నష్టం భరించేది కూలివాళ్లు కాదు కదా అన్న వాదనకు నా సమాధానం ఈ సీతాఫలం గింజలే. వాళ్లు భరించే నష్టం మన పట్టికల్లో లేదు, అంతే.

నివేదిక రాసేటప్పుడు మూడు గుంపుల ఓట్లనూ కలిపి సగటు తీయమన్నారు. తీస్తే పసుపు మూడో స్థానంలో వచ్చింది. చూసేవాళ్లకు అది "ఫరవాలేదు" అన్న రకంలా కనిపిస్తుంది. నిజానికి ఊళ్లో దాన్ని మూడో స్థానంలో పెట్టినవాళ్లు ఎవరూ లేరు. కొందరికి అది మొదటిది, కొందరికి ఆఖరిది. సగటు తీసేసి మూడు వరుసలూ విడివిడిగా ఇచ్చాం. ఈ పని చేసే ఎవరికైనా నేనిచ్చే సలహాల్లో దీనికే పెద్దపీట వేస్తాను.

దశ మారితే ఓటు మారడం కూడా చూశాం. ఆకుపచ్చ రిబ్బను పూత ఆలస్యం. మొదటి ఓటులో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సంక్రాంతి ముందు కాయ నిండాక ఆడవాళ్లు పచ్చికాయ తెంపి గోటితో విప్పి, గింజ నోట్లో వేసుకుని చూశారు. పచ్చికాయ ఉడకబెట్టి దర్శిలో అమ్ముకునే ఒక అక్క ఆ మడి దగ్గర చాలాసేపు నిలబడింది. "కాయ పొట్టు పలచన, గింజ తీపి. కిలోకు నాలుగు గింజలు ఎక్కువే తూగుద్ది" అంది. మా పరిశీలన పట్టికలో పచ్చికాయ అన్న గడే లేదు. అప్పటికప్పుడు పెన్నుతో గీశాం.

పదహారు గిన్నెలు

2023 మార్చిలో వంట పెట్టాం. ఎనిమిది రకాల కందులనూ ఒకే మిల్లులో, ఒకే రోజు పప్పు పట్టించాం. అక్కడే ఆడవాళ్లు మూడు విషయాలు చూశారు: పొట్టు సులువుగా వదులుతుందా, బద్ద నిలుస్తుందా, నూక ఎంత పోతుంది. తర్వాత ఒక్కో పప్పూ రెండు గిన్నెల్లో, ఒకటి బోరు నీళ్లతో, ఒకటి క్యాన్ నీళ్లతో. మొత్తం పదహారు గిన్నెలు, ఒకే కొలత పప్పు, ఒకే కొలత నీళ్లు, గిన్నె చెవికి రంగు దారం. కుక్కరు వద్దన్నది ఆడవాళ్లే. కుక్కర్లో అన్నీ ఉడుకుతాయి, తేడా తెలియదన్నారు. పలుకు పోయిందా లేదా అన్నది రెండు వేళ్ల మధ్య నలిపి చెప్పేవాళ్లు, నేను గడియారం చూసి రాసేవాణ్ణి.

ఎర్ర రిబ్బను క్యాన్ నీళ్లలో చక్కగా ఉడికింది. బోరు నీళ్లలో అన్నిటికన్నా ఆఖరుగా, అదీ సగం పలుకుతోనే దిగింది. ఆకుపచ్చకు రెండు నీళ్లకూ తేడా బాగా తక్కువ. దానికి ఒదుగు కూడా ఎక్కువ. గిన్నె పప్పు నలుగురికి వచ్చేది ఐదుగురికి వస్తుందని పప్పుగుత్తితో ఎనుపుతూ చెప్పారు. మగవాళ్లనూ కూర్చోబెట్టి దారం రంగు తప్ప ఏమీ చెప్పకుండా అన్నంలో ముద్దపప్పు వేసి పెట్టాం. మొదటి ఏడాది తన చేలో ఎర్ర రిబ్బను పండించి, దాన్నే గట్టిగా సమర్థించిన పెద్ద రైతు బోరు నీళ్ల గిన్నె దగ్గర ఆగిపోయాడు. "ఇన్నేళ్లు పప్పు తిన్నా గానీ, ఏ నీళ్లలో ఉడికిందో ఒక్కనాడూ అడగలా" అన్నాడు. మూడో ఓటులో ఆయన రాళ్లు ఆకుపచ్చ ముంతలో పడ్డాయి.

ఎంపిక నుంచి ప్రజననంలోకి

తయారైన రకాల్లోంచి ఎంచుకోవడం ఒక మెట్టు. ఇంకా స్థిరపడని వంశక్రమాల్లోంచి, అంటే కొత్త రకంగా ఇంకా తయారవుతున్న మొక్కల్లోంచి, మొక్క మొక్కనూ చూసి ఎంచడం దాని పై మెట్టు. రెండో దాంట్లో రైతు చెయ్యి పడితేనే రకం రూపమే మారుతుంది. మాతో పనిచేసిన ప్రజనన (కొత్త రకాలు తయారుచేసే) శాస్త్రవేత్త ఇందుకు ఒప్పుకోవడం మా అదృష్టం. ఎనిమిది మంది ఆడవాళ్లను, నలుగురు మగవాళ్లను పరిశోధన స్థానానికి తీసుకెళ్లాం. ఒక్కొక్కరికి పది దారాలు ఇచ్చి, నచ్చిన మొక్కకు కట్టమన్నారు.

శాస్త్రవేత్త మొక్క మొత్తాన్ని చూసేవారు: కొమ్మలు, గుత్తులు, ఎండు తెగులు, వెర్రి తెగులు. ఆడవాళ్లు వంగి కింది కొమ్మ ఎంత ఎత్తులో మొదలవుతుందో చూశారు, కొడవలి వేసేచోట కాండాన్ని చేత్తో పట్టుకుని చూశారు. కట్ట కట్టి నెత్తికెత్తుకుంటే కాయ రాలుతుందా అని ఒక కొమ్మను దులిపి చూసిన ఆమెను శాస్త్రవేత్త ఆపి, ఎందుకలా చేశారని అడిగి రాసుకున్నారు.

కందిలో ఒక చిక్కుంది. వరిలా దాని పూత తనలో తానే పరాగం చేసుకుని ఊరుకోదు. తేనెటీగలు ఒక చేను పుప్పొడి ఇంకో చేనుకు మోస్తాయి. అందుకే రైతు ఎంత బాగా ఎంచినా, విత్తనం విడిగా పెట్టకపోతే రెండు మూడేళ్లలో రకం కలిసిపోతుంది. రైతుకు అమ్మే సర్టిఫైడ్ విత్తనానికి 100 మీటర్లు, దానికి మూలమైన ఫౌండేషన్ విత్తనానికి 250 మీటర్లు వేరే కంది చేలనుంచి దూరం పాటించాలన్న నిబంధన ఇందుకే. ఆరుగురు ఆడవాళ్లు కలిసి చెరువు వెనక, చుట్టూ కంది లేని ఎకరం కౌలుకు తీసుకున్నారు. మంచి మొక్కల పూతకు తొడగడానికి వల సంచులు కావలసొస్తే, పాత దోమతెరలు తెచ్చి కుట్టుమిషన్ మీద కుట్టారు. విత్తనం అమ్మితే కేసు అవుతుందేమోనని మొదట భయపడ్డారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్‌లో రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని ఉంది. బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. ఆ సెక్షన్ తెలుగులో రాసి పొదుపు సంఘం గోడకు అంటించాం.

తుపాను

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా కంది నిండు పూత మీద ఉంది. రెండు రోజుల వానకు పూతంతా రాలింది, తర్వాత మబ్బు వదలక మరుకా పురుగు గూళ్లు కట్టింది. ఒకేసారి పూసే పసుపు రిబ్బను బాగా దెబ్బతింది. ఆకుపచ్చ రెండో పూత తీసి కొంత నిలబెట్టుకుంది. ఆలస్యంగా పూయడాన్ని మొదటి ఓటులో లోపంగా చూసిన మగవాళ్లే చేనుకొచ్చి ఆ మడిని చూసి వెళ్లారు. ఒక్క తుపాను చూసి ఒక రకాన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. వాన ఎత్తిపోయే ఏడాది వస్తే ఆ ఆలస్యమే చివర్లో బెట్టకు గురి చేస్తుంది, అది కూడా వాళ్లతో చెప్పాం. చాలా ఇళ్లలో రెండూ కలిపి వేస్తామన్నారు.

విత్తనం చేను కౌలు ఆ ఏడాది కట్టలేకపోయారు. భూమి యజమాని ఒక పంటకు ఆగాడు. ఆ ఆగడానికి బదులుగా మరుసటి ఏడాది విత్తనంలో వాటా అడిగాడు, ఇచ్చారు. నేను ఒప్పుకోవద్దన్నాను. వాళ్లు నా మాట వినలేదు, వినకపోవడమే మంచిదైంది. ఆయన ఆ విత్తనాన్ని పక్క ఊళ్లో తన బంధువులకు పంచాడు.

ఇప్పుడు

ఆకుపచ్చ రిబ్బను రకం ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది. ఎర్ర రిబ్బను కాలువ పక్కన, మంచి నీళ్లు అందే రెండు ఇళ్లలో వేస్తున్నారు, వాళ్లకు అది బాగుంది. పసుపు సంగతి తేలలేదు. కోత యంత్రం ఊళ్లోకి వచ్చింది, కంప ఎవరికి చెందాలన్నదానిపై గత ఏడాది కోతల్లో గొడవ కూడా జరిగింది. యంత్రం కోసిన చేలో కంప కాలనీవాళ్లకు వదలాలని రాసుకుందామని ఒక ప్రతిపాదన ఉంది. పెద్ద రైతుల్లో ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతావాళ్లతో మాటలు నడుస్తున్నాయి.

శాస్త్రవేత్త తన ఉడుకు పరీక్షను మార్చారు. ప్రతి కొత్త వంశక్రమాన్నీ డిస్టిల్డ్ నీళ్లతో పాటు ఊరి బోరు నీళ్లలోనూ ఉడకబెడుతున్నారు. కంది నూర్పిళ్లు అయ్యాక ఊరినుంచి ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి దర్శి బస్సెక్కి పరిశోధన స్థానానికి వెళ్తుంది. మొదటిసారి దాన్ని బడి దగ్గర బోరులో నింపి పంపాం. కాలనీ ఆడవాళ్లు అభ్యంతరం చెప్పారు, బడి బోరు నీళ్లు కాస్త మెత్తన అట. ఇప్పుడు చర్చి వెనక బోరులో నింపుతున్నారు. మూత మీద తేదీ, బోరు పేరు రాసి సంతకం చేసేది మూడెకరాలు కౌలుకు చేసే వదిన.